ఆగ్డెన్ మరమ్మతుకారుడు – జాన్ మోజెస్ బ్రౌనింగ్

తుపాకులు తయారు చేసిన వ్యక్తి జీవితాన్ని కళాశాల వార్షిక సంచికలో వ్రాయడం ఉచితమా అని మేము కొంతకాలం సంకోచించినాము. వర్క్‌షాపులో యంత్రాలు విప్పి బిగించే మన విద్యార్థులను చూచిన పిమ్మట ఆ సంకోచం తొలగినది. యంత్రం ఎట్లా పని చేస్తుందో చెప్పే పుస్తకాలు ఎన్నో ఉన్నవి. అది మధ్యలో ఎందుకు నిలిచిపోతుందో చెప్పేవి తక్కువ. జాన్ మోజెస్ బ్రౌనింగ్ జీవితమంతా ఈ రెండవ ప్రశ్న చుట్టూ తిరిగినది. పైగా ఈ వృత్తికి సంబంధించిన ముఖ్యమైన మాటలు మన సంచికలోని రెండు భాషలకూ చుట్టాలే. మరమ్మతు అనే మాట అరబీలో పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చి తెలుగింట స్థిరపడినది. తుపాకి టర్కీ దేశపు మాట. ఆ రెండు మాటలూ కలిసిన చోటనే మన కథానాయకుడు జన్మించినాడు.

అది అమెరికా పశ్చిమ భాగంలోని యూటా ప్రాంతం, ఆగ్డెన్ అనే చిన్న ఊరు. 1855 జనవరి 23వ తేదీ. తండ్రి జొనాథన్ బ్రౌనింగ్ తుపాకులు చేసి, బాగు చేసి జీవించేవాడు. ఆయన మార్మన్ సమాజానికి చెందినవాడు. ఆ సమాజం ఇల్లినాయ్ రాష్ట్రం విడిచి పడమటికి వలసపోయినప్పుడు ఆయన కూడా బయలుదేరి 1852లో ఆగ్డెన్ చేరినాడు. ముగ్గురు భార్యలు, ఇరువది ఇద్దరు బిడ్డలు గల పెద్ద సంసారం. తుపాకి పనితో పాటు ఊరివారు తెచ్చిన ఇతర ఇనుప సామానులు కూడా ఆ కొట్టులో బాగుపడేవి. కొట్టు మూలలో పాత ఇనుము కుప్పగా పడి ఉండేది. జాన్‌కు బొమ్మలు అవే. పదేండ్ల వయస్సులో ఆ చెత్త కుప్పలోని ముక్కలతోనే ఒక తుపాకి కూర్చి, తమ్ముడు మ్యాట్‌ను వెంటబెట్టుకొని వేటకు వెళ్ళినాడని ఆ కుటుంబంలో చెప్పుకొనేవారు.

అతని చదువు స్వల్పం. అసలు చదువు కొట్టులోనే జరిగినది. కొత్త తుపాకి కొన్నవాడు దాని అందాన్ని చూస్తాడు. మరమ్మతు కొట్టుకు వచ్చే తుపాకి మాత్రం తన లోపాన్ని ముందు పెట్టుకొని వస్తుంది. స్ప్రింగు అలసిపోయినది ఒకటి, కొక్కెం అరిగినది ఒకటి, తుప్పు పట్టి ఖాళీ తూటాను వదలనిది మరొకటి. ఏండ్ల తరబడి ఇటువంటివి వేలు పెట్టి తడిమినవానికి, కొత్త యంత్రం గీసేటప్పుడు అది ఎక్కడ ఇరుక్కొంటుందో ముందుగానే తోచడం సహజం. బ్రౌనింగ్ ప్రతిభకు మూలం ఇదేనని మా అభిప్రాయం. గణితశాస్త్రం ఆయనకు తోడ్పడినది తక్కువ. లెక్కలు వేసిన ఇంజనీర్లు ఆ కాలంలో చాలామంది ఉన్నారు. వారి తుపాకులు కాగితం మీద చక్కగా పేలేవి.

తండ్రి 1879లో మరణించినాడు. అదే సంవత్సరం జాన్‌కు వివాహమైనది. ఒక్కొక్క తూటాతో పేల్చే గట్టి రైఫిల్‌కు తొలి పేటెంటు కూడా అదే సంవత్సరం లభించినది. అన్నదమ్ములు కలిసి ఆగ్డెన్‌లో చిన్న కర్మాగారం పెట్టి, ఆ రైఫిళ్లను కొన్ని వందలు చేసినారు. వాటిలో ఒకటి తూర్పు తీరంలోని వించెస్టర్ కంపెనీవారి కంటబడినది. ఆ కంపెనీ పెద్ద టి. జి. బెన్నెట్ 1883లో రైలెక్కి ఆగ్డెన్ వచ్చి, ఆ రైఫిల్ హక్కులను 8,000 డాలర్లకు కొన్నాడు. ఆ తరువాత సుమారు ఇరువది ఏండ్లు బ్రౌనింగ్ మెదడులో పుట్టినది చాలావరకు వించెస్టర్ పేరుతో బజారుకు వచ్చినది. కొన్నింటిని ఆ కంపెనీ ఎన్నడూ తయారు చేయలేదు. పోటీదారుల చేతికి పోకుండా కొని బీరువాలో పెట్టుకొన్నది.

ఇక్కడ మా ముఖ్య విషయమైన పంపు తుపాకి వద్దకు వచ్చినాము. దీనిని గూర్చి కొంత విపులంగా చెప్పక తప్పదు.

వించెస్టర్‌వారు పేరు తెచ్చుకొన్నది లీవరుతో పనిచేసే రైఫిళ్లతో. అందువలన తమ షాట్‌గన్ కూడా లీవరుతోనే ఉండవలెనని కోరినారు. బ్రౌనింగ్ అట్లాగే 1887 నమూనా చేసి ఇచ్చినాడు గాని, షాట్‌గన్‌కు లీవరు కన్న పంపు పద్ధతి మేలని ఆయన నమ్మకం. ఈ పద్ధతిలో గొట్టం క్రింద ఉన్న పిడిని ఎడమచేత్తో వెనుకకు లాగితే ఖాళీ తూటా బయట పడుతుంది. ముందుకు నెట్టితే కొత్త తూటా గదిలోకి పోతుంది. తుపాకిని భుజం నుండి దింపనక్కరలేదు. ఈ పద్ధతి ఆయన కనిపెట్టినది కాదు; స్పెన్సర్ అనే ఆయన పంపు తుపాకి అంతకు ముందే, 1882 నుండి, బజారులో ఉన్నది. నమ్మదగినదిగా చేయడమే మిగిలిన పని. ఆ పనికి బ్రౌనింగ్‌కు 1890లో పేటెంటు వచ్చినది. 1893లో తుపాకి బయటకు వచ్చినది.

అది సరిగా కుదరలేదు. ఆయన జీవితచరిత్రలు వ్రాసినవారు ఆయన విజయాలనే వరుసగా చెప్పి ఈ భాగాన్ని తొందరగా దాటుతారు. మాకు మాత్రం ఇదే అన్నిటికన్న విలువైన భాగంగా కనిపించినది.

1884లో ఫ్రాన్సు దేశంలో వియేల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పొగ రాని తుపాకిమందు కనిపెట్టినాడు. ఆ తరువాత దాని వాడుక ప్రపంచమంతటా వ్యాపించసాగినది. పాత నల్ల తుపాకిమందు కన్న దాని శక్తి చాలా ఎక్కువ. 1893 నమూనా పాత మందును దృష్టిలో పెట్టుకొని చేసిన తుపాకి. కొత్త మందు నింపిన తూటాలను అది తట్టుకోదని త్వరలోనే తేలినది. సుమారు 34,000 తుపాకులు చేసిన తరువాత ఆ నమూనాను ఆపి, 1897లో సవరించిన రూపాన్ని తెచ్చినారు. ఫ్రేమును బలపరచినారు. పైభాగం మూసి, ఖాళీ తూటా ప్రక్కనుండి మాత్రమే పడేటట్లు చేసినారు. తూటా గది పొడవును 2 5/8 అంగుళాల నుండి 2 3/4 అంగుళాలకు పెంచినారు. తుపాకిని ప్రక్కకు వంచినప్పుడు లోపలి తూటా జారిపోకుండా ఒక అడ్డు అమర్చినారు.

ఈ సవరణలన్నిటిలో మా మనస్సును ఆకర్షించినది చాలా చిన్నది. పేల్చిన తరువాత పిడిని వెంటనే వెనుకకు లాగడానికి వీలుకాదు; ముందుగా అది వెంట్రుకవాసి ముందుకు జరగవలెను. అప్పుడే లోపలి గడియ విడుతుంది. తుపాకి పేలినప్పుడు వెనుకకు తన్నుతుంది గనుక, చేతిలోని పిడి తనంతట తాను కొద్దిగా ముందుకు పోయినట్లవుతుంది, గడియ విడుతుంది, పేల్చేవానికి ఆ సంగతే తెలియదు. తూటా పేలకపోతే తన్ను ఉండదు, గడియ విడదు. తెలియనివాడు తుపాకి ఇరుక్కొన్నదని విసుగుకొంటాడు. అది ఇరుకు కాదు. కొన్ని తూటాలు ఘోడా పడిన వెంటనే పేలక, ఒకటి రెండు క్షణాలు ఆలస్యంగా పేలుతవి. ఆ సమయంలో గది తలుపు తెరిస్తే మంట ముఖానికే వస్తుంది. తలుపు మూసి ఉంచడం కోసమే ఆ గడియ. గొట్టాన్ని నిర్జన దిశకు త్రిప్పి కొంతసేపు వేచి, ఆ తరువాత పిడిని కొంచెం ముందుకు నెట్టి తెరిస్తే చాలును.

నిజమైన ఇరుకులు వేరే ఉన్నవి. వాటిలో మొదటిది మనిషి తప్పు. పిడిని చివరి దాకా లాగకుండా మధ్యలోనే ముందుకు నెట్టుతాడు; ఖాళీ తూటా బయట పడదు, కొత్తది లోపలికి పోదు. తొందరలో, భయంలో ఇది మరీ ఎక్కువ. రెండవది తూటాల గొట్టం మూతి దగ్గర ఉండే ఆపు అరిగిపోవడం. ఒకటి రావలసిన చోట రెండు తూటాలు వచ్చి దారిలో పెనుగులాడుతవి. మూడవది కొక్కెం. దాని కొస మొద్దుబారినా, స్ప్రింగు బలహీనమైనా, క్రింద మసి పేరుకొన్నా ఖాళీ తూటా అంచు మీదినుండి జారిపోతుంది. ఇక తూటా తప్పు. ఆ రోజులలో తూటాల ఒళ్లు కాగితంతో చేసేవారు. తేమ తగిలితే ఉబ్బి గదిలో బిగుసుకొనేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు 1897 నమూనాను ఫ్రాన్సు కందకాలలోకి తీసుకొనిపోయినప్పుడు ఈ కాగితపు తూటాలే పెద్ద తలనొప్పి అయినవి. చివరకు ఇత్తడి తూటాలు చేయించవలసి వచ్చినది. తుపాకిని తిట్టుకొనే ముందు తూటాను పరీక్షించడం మంచిదని దీని వలన తెలుస్తున్నది.

ఇక హెడ్‌స్పేస్ సంగతి. ఈ మాటకు తెలుగులో స్థిరపడిన పదం లేదు. మేము తూటా వెనుకటి సందు అని చెప్పుకొంటాము. షాట్‌గన్ తూటా వెనుక భాగంలో ఇత్తడి అంచు ఉంటుంది. గది మూతి దగ్గర ఆ అంచు కూర్చోవడానికి చిన్న గాడి చెక్కి ఉంటుంది. ఆ గాడి అడుగు నుండి, మూసుకొన్న బోల్టు ముఖం వరకు గల దూరమే హెడ్‌స్పేస్. మొత్తం కొలత రెండు మిల్లీమీటర్ల దరిదాపులలో ఉండేదే. ఇది తక్కువైతే బోల్టు పూర్తిగా మూసుకోదు. ఎక్కువైతే, గడియ వేసిన తలుపు గాలికి కొట్టుకొన్నట్లు, పేలినప్పుడు తూటా వెనుకకు విసురుగా వచ్చి బోల్టును గుద్దుతుంది. ప్రైమరు తన గుంట నుండి బయటకు పొడుచుకొని వస్తుంది. ఇత్తడి చిట్లుతుంది. చిట్లినచోట మంటగాలి వెనుకకు తన్నుతుంది. అక్కడ ఉండేది పేల్చేవాని కన్ను.

సందు పెరగడానికి కారణం సాధారణంగా అరుగుదల. 1897 నమూనాను కొద్దికాలానికే రెండు భాగాలుగా విడదీసే ఏర్పాటుతో కూడా తెచ్చినారు. పెట్టెలో పట్టుకొనిపోవడానికి అది సౌకర్యమే గాని, మాటిమాటికి విప్పి బిగించిన కొద్దీ ఆ కీలు వదులవుతుంది. తయారీదారులు ఈ సంగతి ముందే ఊహించి, వదులును తీసివేయడానికి త్రిప్పి సరిచేసుకొనే ఒక ఒరను అక్కడ అమర్చినారు. అరుగుతుందని ఒప్పుకొని, అరిగినప్పుడు ఏమి చేయవలెనో యంత్రంలోనే పెట్టడం మరమ్మతు కొట్టు బుద్ధి. కీలు వదులు ఒరతో పోతుంది. బోల్టు గడియే అరిగితే అది కంటితో, చేతితో తేలే పని కాదు. కొలత ప్రకారం చేసిన ఉక్కు గేజీలతో చూడవలెను. ఒక గేజి మీద బోల్టు మూసుకోవలెను, దానికన్న మందమైన రెండవదాని మీద మూసుకోరాదు. తూటా అడుగున కాగితం అంటించి సందు పూరించే మూర్ఖపు ఉపాయాలు మేము విన్నాము, అవి ప్రాణాంతకం.

గది పొడవు విషయంలో మరొక మోసం ఉన్నది. 2 3/4 అంగుళాల తూటా అనగా పేలి విచ్చుకొన్న తరువాతి పొడవు. పేలకముందు దాని మూతి ముడిచి ఉంటుంది గనుక అది 1893 నాటి పొట్టి గదిలోకి కూడా నిరాటంకంగా పోతుంది. పేలినప్పుడు మూతి విచ్చుకొనే చోటులేక ఒత్తిడి అమితంగా పెరుగుతుంది. ఏదైనా ఇంట తాతల నాటి 12 బోరు తుపాకి ఉంటే ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోవలెను. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండవలెను; కాబట్టి అనుమానం కలిగినప్పుడు లైసెన్సు గల పనివానికి చూపించడమే మార్గం. మేము ఇక్కడ చెప్పినది కారణాలు తెలుసుకొనడానికే.

బ్రౌనింగ్ జీవితానికి తిరిగి వద్దాము. తన్నుతో గడియ విడిపించినవాడు, ఆ తన్నుతోనే మొత్తం పని ఎందుకు చేయించరాదని ఆలోచించడం విచిత్రం కాదు. ఖాళీ తూటాను తానే విసిరి కొత్తదానిని తానే ఎక్కించుకొనే షాట్‌గన్‌కు ఆయన 1900లో పేటెంటు పొందినాడు. ఈసారి ఒక్కసారిగా ఇచ్చే సొమ్ముకు హక్కులు అమ్మనని, అమ్మిన ప్రతి తుపాకి మీద వాటా కావలెనని కోరినాడు. బెన్నెట్ ఒప్పుకోలేదు. సుమారు ఇరువది ఏండ్ల స్నేహం అక్కడితో తెగిపోయినది. బ్రౌనింగ్ రెమింగ్టన్ కంపెనీకి వెళ్లినాడు. 1902 జనవరి 8న ఆ కంపెనీ అధ్యక్షుడు మార్సెలస్ హార్ట్‌లీ కోసం ఆయన ఎదురుచూస్తుండగానే హార్ట్‌లీ గుండె ఆగి మరణించినాడన్న వార్త వచ్చినది. ఆ తుపాకిని వెంటబెట్టుకొని ఆయన ఓడ ఎక్కి బెల్జియం చేరినాడు. లియేజ్ నగరం ప్రక్కన ఎర్‌స్టాల్‌లోని ఎఫ్.ఎన్. కర్మాగారం ఆయన పిస్టళ్లను అప్పటికే తయారు చేస్తున్నది. 1903 నుండి అక్కడ ఆ షాట్‌గన్ కూడా తయారైనది. తేలిక తూటాకు, బరువు తూటాకు తగినట్లు తన్నును అదుపు చేయడానికి అందులో రాపిడి ఉంగరాలు పెట్టినాడు. వాటిని తప్పు వరుసలో అమర్చితే ఆ తుపాకి కూడా ఇరుక్కొంటుంది, లేదా చెక్క పగిలేంతగా తన్నుతుంది. ఎంతటివాడు చేసిన యంత్రమైనా వాడేవాని అజ్ఞానాన్ని పూర్తిగా భరించలేదు గదా!

ఇరుకు లేని యంత్రం కోసం ఆయన పడిన శ్రమకు ఫలితం రెండు పరీక్షలలో కనిపించినది. 1911లో అమెరికా సైన్యం పిస్టళ్లను పరీక్షించినప్పుడు ఆయన పిస్టలు 6,000 తూటాలు ఒక్కసారి కూడా ఆగకుండా పేల్చినది. కాలిపోయే వేడెక్కితే నీళ్లలో ముంచి తీసి మళ్లీ పేల్చినారు. పోటీకి వచ్చిన మరొకటి 37 సార్లు ఆగినది. 1917 మే నెలలో ఆయన మెషిన్ గన్ 20,000 తూటాలు పేల్చి ఆగలేదు. మరొక 20,000 పేల్చినారు; చిన్న భాగం ఒకటి మాత్రం చెడినది. పరీక్షకులకు నమ్మకం కలగక, ఇది ప్రత్యేకంగా చెక్కిన ఒక్క తుపాకి కావచ్చునని అనుమానించినారు. అప్పుడు రెండవ తుపాకిని తెప్పించి విడువకుండా నడిపించినారు. అది 48 నిమిషాల 12 సెకండ్లు పేలుతూనే ఉన్నది. ఆ యుద్ధంలో మెషిన్ గన్, ఆటోమేటిక్ రైఫిల్, పిస్టలు మూడింటి హక్కులకు ప్రభుత్వం ఇవ్వజూపిన 7,50,000 డాలర్లను ఆయన బేరం చేయకుండా పుచ్చుకొన్నాడు. వాటా అడిగి ఉంటే అంతకు ఎన్నో రెట్లు వచ్చేది. వించెస్టర్‌తో వాటా కోసం తెగతెంపులు చేసుకొన్న మనిషే ఇట్లా చేసినాడు.

అయితే ఇరుకులేని తుపాకి మానవాళికి మేలు చేసినదా? ఈ ప్రశ్నను మేము తప్పించుకోలేము. 1914 జూన్ 28న సరాయెవోలో ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను చంపిన పిస్టలు ఎర్‌స్టాల్‌లో తయారైనదే. బ్రౌనింగ్ గీసిన నమూనాయే. అది ఆ రోజు ఇరుక్కొని ఉంటే ఏమి జరిగేదో ఎవరూ చెప్పలేరు. కొద్ది వారాలలో జర్మన్ సేనలు బెల్జియంలోకి చొచ్చి లియేజ్‌ను పట్టుకొన్నవి. ఆ కర్మాగారమే శత్రువుల అధీనమైనది. తన చేతి పనికి, ఆ రక్తపాతానికి గల సంబంధాన్ని బ్రౌనింగ్ ఎట్లా భావించినాడో ఆయన వ్రాసి ఉంచలేదు. ఆయన మితభాషి. మాకు ఆయన పనితనం పట్ల గౌరవం ఉన్నది; ఈ సందర్భంలో మాత్రం కలం కొంత తడబడుతున్నది.

మరొక లోపం కూడా చెప్పవలసి ఉన్నది. ఆయన మెషిన్ గన్లలో హెడ్‌స్పేస్ స్థిరంగా ఉండదు. గొట్టం మార్చిన ప్రతిసారీ సైనికుడు దానిని త్రిప్పి, గేజితో చూచి, సందును తానే సరిచేయవలెను. ఆయన ప్రారంభించి, ఆయన తరువాత ఎమ్-2 పేరుతో ప్రసిద్ధమైన పెద్ద మెషిన్ గన్‌లో కూడా ఇదే ఏర్పాటు మిగిలినది. చీకటిలో, వానలో, తొందరలో ఆ గేజి మరచినవారు గాయపడినారు. పంపు తుపాకిలో గడియను తన్నుకే అప్పగించిన మేధావి, ఇక్కడ మనిషి జాగ్రత్తనే నమ్ముకొన్నాడు. స్థిరమైన హెడ్‌స్పేస్ గల ఎమ్-2-ఎ-1 రూపాన్ని అమెరికా సైన్యం 2010లో గాని స్వీకరించలేదు.

బ్రౌనింగ్ పేర మొత్తం 128 పేటెంట్లు ఉన్నవి. ఎర్‌స్టాల్‌కు ఆయన అనేక పర్యాయాలు ఓడలో ప్రయాణం చేసినాడు. 1926 నవంబరు 26న అక్కడి కర్మాగారంలో, కుమారుడు వ్యాల్ గదిలో, గుండె ఆగి మరణించినాడు. వయస్సు 71. అప్పుడు ఆయన బల్ల మీద ఉన్నది ఒకదానిపై ఒకటి గొట్టాలు గల షాట్‌గన్. దానిని కుమారుడు పూర్తి చేసినాడు. సగంలో ఉన్న పిస్టలును బెల్జియం దేశస్థుడు సేవ్ పూర్తి చేయగా అది 1935లో వెలువడినది. దాని వంశానికి చెందినదే మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 మి.మీ. పిస్టలు. 1897 నమూనా పంపు తుపాకిని 1957 వరకు చేసినారు. పది లక్షలకు పైగా అమ్ముడుపోయినది. అరిగిన ఒరను ఒక మెట్టు త్రిప్పి బిగించుకొని ఇప్పటికీ దానిని వాడేవారు ఉన్నారు.